బటన్ నొక్కితే పలకని కూతురు

వీడియో గేమ్‌లో తుపాకీ పేల్చడానికి ఒక బటన్, గోడ దూకడానికి ఇంకో బటన్ ఉంటాయి. మాట్లాడడం మానేసిన పదిహేనేళ్ల కూతురితో మళ్లీ మాట కలపడానికి ఏ బటన్ పెట్టాలన్నది మాత్రం ఆటలు తయారుచేసేవాళ్లకు ముప్పై ఏళ్లుగా తేలని లెక్క. తల్లి లేని ఇల్లు, ఒంటరిగా మిగిలిన తండ్రి, అతని చేయి విడిపించుకుని ఎదుగుతున్న ఆడపిల్ల. ఈ కథావస్తువుతో జపాన్‌లోను, అమెరికాలోను చెప్పుకోదగ్గ ఆటలే వచ్చాయి. వాటిలో కొన్ని కూతురి నమ్మకానికి మార్కులు వేయబోయి తేలిపోయాయి. మార్కుల లెక్క కనబడకుండా దాచినవి మాత్రం ఆడినవాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుండిపోయాయి.

లెక్క మొదలైంది మార్కులతోనే. 1991లో జపాన్‌లోని గైనాక్స్ సంస్థ ‘ప్రిన్సెస్ మేకర్’ అనే ఆటను విడుదల చేసింది. రూపకర్త తకామి అకాయి. ఇందులో ఆడేవాడు పదేళ్ల అనాథ బాలికను పెంచుకునే తండ్రి. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా నెలనెలా టైంటేబుల్ వేయడమే అతని పని. చదువుకెన్ని రోజులు, కూలిపనికెన్ని, విశ్రాంతికెన్ని అని పంచిపెట్టాలి. బలం, తెలివి, అందం, అలసట అన్నిటికీ అంకెలుంటాయి. ఆ అంకెలు ఎటు మొగ్గితే ఎనిమిదేళ్ల తర్వాత పిల్ల జీవితం అటు స్థిరపడుతుంది. ఆట సరదాగానే ఉంటుంది, జపాన్‌లో పిల్లల పెంపకం ఆటలకు ఇదే దారి చూపింది కూడా. అయితే ఆ ఎనిమిదేళ్లలో పిల్ల ఏమనుకుందో తండ్రికి తెలియాల్సిన అవసరం పెద్దగా రాదు. అంకెలు చూసుకుంటే చాలు. కూతుర్ని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసి, వారం వారం పరీక్షల మార్కులు ఫోన్‌లో చూసుకునే తండ్రులకు ఈ ఆటలో కొత్తగా ఏమీ కనిపించదు.

తర్వాతి దశలో కూతురు తప్పిపోయిన మనిషైంది. 1999లో కొనామి సంస్థ ప్లేస్టేషన్ కోసం తెచ్చిన ‘సైలెంట్ హిల్’లో హ్యారీ మేసన్ అనే రచయిత, భార్య పోయాక, పెంచుకుంటున్న ఏడేళ్ల షెరిల్‌ని తీసుకుని ఒక ఊరికి బయల్దేరతాడు. దారిలో ప్రమాదం జరుగుతుంది. కళ్లు తెరిచేసరికి పిల్ల ఉండదు. అప్పటి భయానక ఆటల నాయకులు చాలామంది పోలీసులో, కమాండోలో అయితే, హ్యారీకి తుపాకీ గురి కూడా సరిగా కుదరదు. పరిగెడితే ఆయాసపడతాడు. భయం పుట్టించడానికి పెట్టిన ఈ ఏర్పాటు అనుకోకుండా తండ్రి బొమ్మను నిజం చేసింది. పిల్ల మాత్రం ఇందులోనూ వెతికి పట్టుకోవాల్సిన వస్తువే. ఆ లోటు 2003లో వచ్చిన మూడో భాగం తీర్చింది. అందులో ఆడించాల్సింది హెదర్ అనే పదిహేడేళ్ల అమ్మాయిని. ఆమె హ్యారీ కూతురు. నానా కష్టాలూ పడి ఆమె ఇల్లు చేరేసరికి తండ్రి కుర్చీలోనే హతమై ఉంటాడు. మొదటి ఆటను తండ్రిగా ఆడినవాళ్లు, మూడో ఆటలో తామే ఆడించిన ఆ మనిషి శవాన్ని కూతురి కళ్లతో చూస్తారు.

ఇక్కడొక చిన్న ముచ్చట. 2010లో వచ్చిన ‘నియర్’ అనే ఆటలో యోనా అనే జబ్బుపడ్డ పిల్లను కాపాడాలి. జపాన్‌లో ఒక రూపంలో నాయకుడు ఆమెకు అన్న, కుర్రవాడు. అమెరికా, యూరప్‌లకు పంపిన రూపంలో అదే నాయకుడు నడివయసు తండ్రి. అక్కడివాళ్లు వయసు మళ్లిన నాయకుణ్ణి ఇష్టపడతారని సంస్థ అంచనా. కథ, యుద్ధాలు దాదాపు అవే. చుట్టరికం ఒక్కటి మార్చేసరికి, అదే పనికి అన్నలో తెగువ కనిపిస్తే తండ్రిలో దిగులు కనిపించింది.

అదే 2010లో 2కె మారిన్ స్టూడియో నుంచి వచ్చిన ‘బయోషాక్ 2’ ఈ వరసలో ఎక్కువ పేరు రాకపోయినా చాలా తెలివైన ఆట. సముద్రగర్భంలో కట్టిన ర్యాప్చర్ అనే నగరం శిథిలమై ఉంటుంది. ఆడేవాడు సబ్జెక్ట్ డెల్టా. బరువైన గజ ఈతగాడి సూటు లోపల బందీ అయిన మనిషి. మాట రాదు, మూలుగు మాత్రమే. ఒకప్పుడు అతని కాపలాలో పెరిగిన ఎలియనార్‌ని పదేళ్ల క్రితం ఆమె తల్లి సోఫియా ల్యామ్ లాక్కుపోయింది. ఆ పిల్ల ఇప్పుడు యుక్తవయసులో ఉంది. పైపైన చూస్తే రాక్షసుల వేట. లోపల చూస్తే ఫ్యామిలీ కోర్టులో నడిచే కస్టడీ కేసు. దారిలో చిన్నపిల్లలు ఎదురవుతారు. వాళ్లను కాపాడి వదిలేయవచ్చు, లేదా వాళ్ల ఒంట్లోని శక్తి కోసం చంపనూవచ్చు. ముగ్గురు పాత శత్రువులు చేతికి చిక్కుతారు. క్షమించవచ్చు, కడతేర్చవచ్చు. ఆట వీటికి మార్కులు చూపదు. చివరికి ఎలియనార్ ఎదురుపడ్డప్పుడు తెలుస్తుంది, ఆమె ఇదంతా గమనిస్తూనే ఉందని. తండ్రి కనికరం చూపిస్తే ఆమెకూ కనికరం అబ్బుతుంది. అతను స్వార్థం చూసుకుంటే ఆమె అంతకన్నా నిర్దయగా తయారవుతుంది. నోరు లేని తండ్రికి నీతులు చెప్పే వీలు లేదు కాబట్టి కూతురు అతని చేతల్ని చదువుకుంది. ఈ సూత్రాన్ని ఇంత సూటిగా ఆడించి చూపిన ఆట ఇంకొకటి దొరకడం కష్టం.

అందరికీ తెలిసిన ఆట మాత్రం ‘ద లాస్ట్ ఆఫ్ అస్’. అమెరికాలో నాటీ డాగ్ స్టూడియో దీన్ని 2013 జూన్ 14న విడుదల చేసింది. టెక్సస్‌లో కూతురు సారాని ఒంటిచేత్తో పెంచుతున్న జోయెల్, లోకమంతా ఒక బూజు రోగంతో కుప్పకూలిన రాత్రి ఆమెను పోగొట్టుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత, దొంగసరుకులు చేరవేసి బతుకుతున్న అతనికి ఎల్లీ అనే పద్నాలుగేళ్ల పిల్లను దేశం ఆ చివరికి చేర్చే పని తగులుతుంది. ఆమెకు ఆ రోగం అంటదు. మందు ఆమె ఒంట్లోనే దొరకవచ్చని ఆశ. జోయెల్‌కి ఆమె మొదట సరుకు మాత్రమే. సరుకు కూతురిగా మారడమే కథ.

ఆ మార్పును చూపించే పద్ధతిలో ఉంది పనితనం. దారి పొడుగునా పగిలిన మేడలు, తెగిన వంతెనలు. ఎత్తు గోడ వస్తే జోయెల్ రెండు చేతులూ కలిపి నిలబడాలి. ఎల్లీ వాటిమీద కాలుపెట్టి పైకెక్కి నిచ్చెన దించాలి. ఒక బటన్ నొక్కితే ఆమె వస్తుంది. గంటల తరబడి ఇదే వరస సాగేసరికి చేతికి అలవాటైపోతుంది. మధ్యలో చలికాలం వస్తుంది. జోయెల్ గాయపడి పడి ఉంటే ఎల్లీ ఒంటరిగా ఘోరమైన అనుభవం గుండా వెళుతుంది. తర్వాత వసంతంలో, సాల్ట్ లేక్ సిటీలో, మళ్లీ అలాంటి గోడే ఎదురవుతుంది. ఆడేవాడు అలవాటుగా బటన్ నొక్కుతాడు. ఎల్లీ రాదు. వెనక్కి తిరిగి చూస్తే ఒకచోట కూర్చుని ఎటో చూస్తుంటుంది. జోయెల్ పేరుపెట్టి పిలిస్తేగాని లేవదు. ఆ పిల్లకు ఏమైందో ఒక్క ముక్క కూడా చెప్పకుండా, పనిచేయని ఒక్క బటన్‌తో ఆట చెప్పేసింది. ఎదిగిన ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ క్షణం ఏదో ఒక సాయంత్రం వస్తూనే ఉంటుంది.

ఆ వెంటనే జిరాఫీల దృశ్యం. జంతుశాల నుంచి తప్పించుకుని పాడుబడ్డ నగరంలో తిరుగుతున్న జిరాఫీలను ఇద్దరూ కలిసి చూస్తారు. అక్కడ చేయాల్సిన పని లేదు, గడియారం లేదు, శత్రువు లేడు. ఆడేవాడు కదిలేదాకా ఆ దృశ్యం సాగుతూనే ఉంటుంది. ఎప్పుడు కదలాలన్నది అతని ఇష్టం. కూతురి పక్కన ఊరికే నిలబడడాన్ని ఆటలో ఒక భాగం చేయడం, అదీ యుద్ధాల ఆటలో, అప్పటికి పెద్ద సాహసం.

ముగింపులో జోయెల్ ఘోరం చేస్తాడు. మందు తీయాలంటే పిల్ల బతకదని తెలిసి, ఆసుపత్రిలో వైద్యుణ్ణి సైతం చంపి ఎల్లీని ఎత్తుకొచ్చేస్తాడు. మెలకువ వచ్చాక ఆమెకు అబద్ధం చెబుతాడు. 2020 జూన్ 19న వచ్చిన రెండో భాగం ఆ అబద్ధానికి చెల్లించిన మూల్యం. అందులో ఒక పుట్టినరోజుకు జోయెల్ ఎల్లీని పాడుబడ్డ మ్యూజియానికి తీసుకెళ్తాడు. ఆమె డైనోసార్ విగ్రహం ఎక్కుతుంది. అంతరిక్ష నౌకలో కూర్చుని, అతను ఎక్కడో వెతికి తెచ్చిన రాకెట్ ప్రయోగం క్యాసెట్ కళ్లు మూసుకుని వింటుంది. ఆ తర్వాత నిజం బయటపడి మాటలు తెగిపోతాయి. చాలా కాలానికి ఒక రాత్రి వరండాలో నిలబడి, క్షమించగలనో లేదో తెలియదుగాని ప్రయత్నించాలని ఉందన్న అర్థం వచ్చేలా ఎల్లీ చెబుతుంది. మర్నాడే జోయెల్ హతమవుతాడు. మాట కలవడం మొదలయ్యీ కాకముందే ఆగిపోయిందన్న సంగతిని ఆట చివరిదాకా దాచి ఉంచింది.

జోయెల్ ఎల్లీకి నేర్పింది గిటార్. కంట్రోలర్ మీద వేలితో గీస్తే తీగలు పలుకుతాయి. ఆటలో అక్కడక్కడా ఆడేవాడే ఆ తీగలు మీటాలి. ముగింపులో ఎల్లీ ఎడమచేతి రెండు వేళ్లు పోతాయి. ఇంటికొచ్చి గిటార్ ఒళ్లో పెట్టుకుంటే, ఆడేవాడు ఎంత సరిగా గీసినా స్వరం తప్పుతుంది. తండ్రి ఇచ్చింది పోయిందని మాటల్లో చెబితే ఇంతగా తగలదు.

ఇంత రక్తపాతం లేకుండా ఇదే విషయాన్ని చెప్పిన ఆట ‘డ్రీమ్ డాడీ’. 2017 జూలైలో గేమ్ గ్రంప్స్ విడుదల చేసింది, రచన లైటన్ గ్రే, వెర్నన్ షా. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న తండ్రి, హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న కూతురు అమాండాతో కొత్త వీధిలోకి ఇల్లు మారతాడు. చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న ఏడుగురు తండ్రుల్లో ఒకరితో అతని ప్రేమ వ్యవహారం పైకి కనిపించే కథ. అవును, మగవాళ్ల మధ్య ప్రేమే. అమెరికా మధ్యతరగతి వీధి హాస్యంలో అది మామూలు సంగతిలా సాగిపోతుంది. అమాండాకు ఫొటోలంటే పిచ్చి, త్వరలో కాలేజీకి ఊరు విడిచి వెళ్లిపోతుంది. ఒక సన్నివేశంలో పక్కింటి తండ్రితో ఎవరి కూతురు గొప్ప అన్న పోటీ పెట్టారు. మల్లయుద్ధంలా ఒకరి మీద ఒకరు కూతుళ్ల గొప్పలు విసురుకుంటారు. నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ఏ పెళ్లిపందిట్లో చూసినా జరిగేది అదే మరి. ప్రేమకథల కంటే, రాత్రిపూట కూతురితో పిచ్చి జోకులు వేసుకునే సన్నివేశాల్లోనే ఈ ఆట బలం ఉంది.

ఇక మన సంగతికొస్తే, తెలుగు ఇళ్లలో భార్య పోయిన మగవాడు ఆడపిల్లను ఒక్కడే పెంచడం అరుదు. ఏడాది తిరక్కుండా పెద్దలు మారుమనువు మాట ఎత్తుతారు. కాదంటే పిల్లను అమ్మమ్మగారింటికి పంపుతారు. సమర్త వేళకు పెత్తనమంతా మేనత్తలది, మేనమామది. కొన్ని ఇళ్లలో ఆ రోజుల్లో తండ్రి ఆ గది ఛాయలకే వెళ్లడు. పిల్ల జీవితంలో అంత పెద్ద మలుపు దగ్గర అతను పందిరి ఖర్చు చూసుకుంటాడు. చట్టం మాత్రం వేరుగా నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మొదటి సహజ సంరక్షకుడిగా తండ్రినే చెప్పింది, అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న మినహాయింపుతో. అంటే కాగితం మీద తండ్రికి హక్కుంది, ఇంట్లో పిల్లకు జడ వేసే పని మాత్రం అతనిది కాలేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఒంటరి పురుషుడు ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల్లో భార్య లేని తండ్రులకు పిల్లల సంరక్షణ సెలవు 2018లోగాని అందలేదు. సర్వీసు మొత్తంలో 730 రోజులు, పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా. సినిమా ఈ తండ్రిని పట్టించుకోలేదని కాదు. 2023 డిసెంబరులో వచ్చిన ‘హాయ్ నాన్న’లో నాని ఒంటరి తండ్రే. కానీ ఆ కూతురు చిన్నపిల్ల. కూతురికి పదహారేళ్లు వచ్చాయంటే మన తెరమీద తండ్రి ఎక్కువగా ప్రేమకథకు అడ్డుగోడగా మారిపోతాడు.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ తండ్రీకూతుళ్ల సంబంధానికి ఇంకో మెలిక ఉంది. విజయనగరం జిల్లా భోగాపురం పేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయంతో అందరికీ తెలిసింది. జాతీయ రహదారికి తూర్పున, జీడితోటలు, సరుగుడు తోటలు దాటితే ముక్కాం, చేపలకంచేరు లాంటి మత్స్యకార గ్రామాలున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తీర గ్రామాల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కు బోట్ల మీద పనికి వలస పోవడం ఏళ్లుగా ఉన్నదే. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ గస్తీ దళాలకు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమా ఆ ఉదంతాన్ని ప్రేమకథగా చెప్పింది. ఆ బోట్లలో వెళ్లే తండ్రుల కథ వేరే చెప్పాల్సి ఉంది.

ఇలాంటి తండ్రిని నాయకుడిగా పెట్టి ఆట అల్లితే క్యాలెండర్ సిద్ధంగానే ఉంది. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. వేరావల్ వెళ్లినవాడు ఇంట్లో నిలకడగా ఉండేది దాదాపు ఆ రెండు నెలలే. ఆంధ్రలో బడులు తెరిచేది జూన్ రెండోవారంలో. పదో తరగతి పరీక్షలు మార్చిలో. అంటే కొత్త పుస్తకాలకు అట్టలు వేసే రోజున తండ్రి ఉంటాడు, పరీక్ష రోజున నడిసముద్రంలో ఉంటాడు. తల్లి కూడా లేని ఇల్లయితే మామ్మ ఒక్కతే. నిరుడు జూలైలో బొమ్మల చొక్కా తొడిగిన పిల్ల, ఈ జూన్‌లో ఓణీ సర్దుకుని, తండ్రి లోపలికి రాగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆట మొదటి దృశ్యం ఇంతకన్నా వెతకనక్కర్లేదు.

మిగిలిన పది నెలలకూ ఫోనే దిక్కు. బోటు నడిసముద్రంలో ఉన్న రోజుల్లో సిగ్నల్ ఉండదు. ఒడ్డుకు చేరినప్పుడే మాట. “తిన్నావేటి?” “ఊ.” “బడికెళ్తన్నావా?” “ఊ.” “మామ్మకియ్యి.” డ్రీమ్ డాడీలో తండ్రికి జవాబులు తెరమీద సిద్ధంగా ఉంటాయి. ఇక్కడ ఉండేవి ఈ మూడు ప్రశ్నలే. పైగా ఫోను మామ్మది, స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, అరుగు మీద ఇరుగుపొరుగు ఉంటారు. పదిహేనేళ్ల పిల్ల ఏం చెబుతుంది? ఈ ఆటలో అసలు చిక్కు సముద్రం కాదు, ఆ స్పీకర్ బటన్. మామ్మ సంతకు వెళ్లిన వేళ తెలిసి ఫోన్ చేయాలి. అది తెలియాలంటే ఇంటి దినచర్య తెలియాలి. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో సరిగా లేని మనిషికి అది తెలియదు, జూన్, జూలై నెలల్లో నేర్చుకోవాలి. పంపిన డబ్బులకు ఇన్ని మార్కులు, ఫోన్లకు ఇన్ని మార్కులు అని వేశారో, ఆట మళ్లీ ప్రిన్సెస్ మేకర్ దగ్గరికే చేరుతుంది.

వంటింటి నుంచి ఇలాంటి కథ అల్లవచ్చని 2023 జూలైలో వచ్చిన ‘వెన్బా’ చూపించింది. టొరంటోలోని విసాయి గేమ్స్ తయారీ. 1988లో కెనడా చేరిన తమిళ కుటుంబం, దూరమైపోతున్న కొడుకు, తల్లి చేతిలో చిరిగి మరకలుపడ్డ వంటల పుస్తకం. చెరిగిపోయిన వాక్యాలను ఊహించి వండడమే ఆడేవాడి పని. తల్లీకొడుకుల కథే అయినా ఉత్తరాంధ్ర చేపల పులుసుకు, ఎండుచేపల వేపుడుకు అది దగ్గరి చుట్టం.

మన తల్లిదండ్రులకు గేమ్ అనగానే గుర్తొచ్చేవి వేరు. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన పబ్‌జీ, అదే నెల ఆంధ్రప్రదేశ్ నిషేధించిన ఆన్‌లైన్ పేకాట, 2025 ఆగస్టులో దేశమంతటా డబ్బు ఆటలకు అడ్డుకట్ట వేసిన చట్టం. ఇక్కడ చెప్పుకున్న ఆటలు అలాంటివి కావు. ఒక్కడే కూర్చుని నవలలా ముగించేవి. ద లాస్ట్ ఆఫ్ అస్, బయోషాక్ 2, సైలెంట్ హిల్ పెద్దలకు ఉద్దేశించినవి, పదిహేనేళ్ల పిల్ల పక్కన పెట్టుకుని ఆడదగ్గవి కావు. మొదటిదానికి 2023 జనవరి నుంచి టీవీ సీరియల్ రూపం ఉంది, అందులోనూ హింస తక్కువేమీ లేదు. తండ్రీకూతుళ్లు కలిసి మొదలుపెట్టాలంటే వెన్బా నయం. మామూలు ల్యాప్‌టాప్ చాలు, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. మాటలు ఇంగ్లిషులో చదవాలి కాబట్టి అవి తండ్రికి కూతురు చదివి చెప్పాల్సి వస్తుంది. మొదటి వంటకం ఇడ్లీ. రేకులు ఎలా పేర్చితే ఆవిరి పైదాకా తగులుతుందో ఇంట్లో వండే అలవాటున్న తండ్రి అయితే చెప్పగలడు.